దొరగారి పక్కన నలుసు

నాన్నకి,

ఈ ఉత్తరం చూసి గాభరా పడకు. ఒంట్లో బాగానే ఉంది, ఉద్యోగం కూడా ఊడలేదు. ఫోను చేయకుండా కాగితం ఎందుకు తీసిందా అనుకుంటూ కళ్ళజోడు వెతుక్కుంటూ ఉంటావు. అది నీ నెత్తి మీదే ఉంటుంది, తడిమి చూసుకో. ఫోనులో అయితే మనిద్దరం "తిన్నావా", "తిన్నాను", "సరే పడుకో" దాటి ఒక్క అడుగు ముందుకు వెయ్యం. పద్నాలుగేళ్ళుగా ఇదే వరస. ఇవాళ నాకు చెప్పుకోవలసింది బోలెడంత ఉంది, అడగవలసింది ఒకటి ఉంది. అది చివర్లో అడుగుతాను. ముందే ఆఖరి పేజీ తిప్పకు.

నాన్నా, నేనొక నక్షత్రాన్ని పట్టుకున్నాను! కాళ్ళు నేల మీద ఆగడం లేదు. ఇప్పటిదాకా ఎవరి కంటా పడని నక్షత్రం. ఎలా దొరికిందో చెప్పాలంటే ముందు నా పని చెప్పాలి, ఎందుకంటే ఇన్నేళ్ళలో అదీ సరిగ్గా చెప్పలేదు నీకు. కొండ మీద టెలిస్కోపు రాత్రంతా ఫోటోలు తీస్తుంది. పొద్దున తొమ్మిదింటికి నేను భోజనం డబ్బా పట్టుకుని కొండ కింద ఆఫీసుకి వెళ్ళి, కిటికీ లేని గదిలో నాలుగు తెరల ముందు కూర్చుని ఆ ఫోటోలు కడుగుతాను. నీ స్టూడియో చీకటి గదిలో ట్రేలు, నా గదిలో సాఫ్ట్‌వేర్, అంతే తేడా. నువ్వు పడే తిప్పలే నేనూ పడతాను. కెమెరాలో ప్రతి పిక్సెలూ ఒక చిన్న గిన్నె అనుకో. వెలుతురు పడేకొద్దీ నిండుతుంది. అరవై అయిదు వేల అయిదు వందల ముప్పై అయిదు దగ్గర దాని అంచు. ఆ పైన ఎంత పోసినా అంకె మారదు, పక్క గిన్నెల్లోకి పొంగుతుంది. దాన్ని మేము సాచురేట్ అయిన నక్షత్రం అంటాం. నువ్వు "తెలుపు కాలిపోయింది" అంటావు చూడు, అదే ఇది.

మేము పదకొండేళ్ళుగా ఫోటోలు తీస్తున్న ఆకాశపు ముక్కలో అలాంటి మహానుభావుడు ఒకడున్నాడు. ఆయన్ని దొరగారు అంటాం. ఆయన ఉన్నచోట మిగతావాళ్ళంతా పక్కకి తప్పుకోవాలి మరి. నడుమ తెల్లటి ముద్ద, పైకీ కిందకీ రెండు తెల్లటి చారలు. ఇన్నేళ్ళూ ఆ చోటంతా నల్ల మాస్క్ కప్పి "ఇక్కడ కొలవొద్దు" అని వదిలేశారు. నాకేమో ఆ మాస్క్ కింద ఏముందో అని ఒకటే దురద. నడుమ కాలిపోయినా అంచు కాలదు కదా! అంచులో వెలుతురు ఎలా తగ్గుతూ పోతోందో కొలిస్తే, నడుమ ఎంత ఉండాలో లెక్క కట్టొచ్చు. ఆ లెక్కతో దొరగారిని మళ్ళీ గీసి, అసలు ఫోటోలోంచి ఆయన్ని తీసేస్తే పక్కన నిలబడ్డవాళ్ళు బయటపడాలి. ఆరు నెలలు ఆ ప్రోగ్రామ్ రాశాను. మొన్న సోమవారం మీట నొక్కితే దొరగారు మాయం! ఆయన కుడి భుజానికి ఆనుకుని ఒక నలుసు! నేను కుర్చీలోంచి లేచిన లేవడానికి కాఫీ కప్పు బోర్లాపడి కీబోర్డు తడిసింది.

టోపీ మేడమ్‌ని పిలిచాను. ఆవిడ మా పై అధికారి, ఎండాకాలంలో కూడా ఉన్ని టోపీ తీయదు. తెర దగ్గర ముక్కు పెట్టి చూసింది.

"ఇది దుమ్ము కాదు కదా?"

"కాదు మేడమ్."

"నీ సరదా కొద్దీ పుట్టింది కాదు కదా?"

"అయ్యో, కాదు మేడమ్!"

"అయితే నెలాఖరు శుక్రవారం అన్ని అబ్జర్వేటరీలకీ రాద్దాం. నీ పేరు ముందు పెడతాను."

నా పేరు ముందు, నాన్నా! ప్రకటనతో పాటు నా ఫోటో కూడా ఇమ్మన్నారు. నోరు మూసుకున్నదే ఇచ్చాను. నా ముందు పన్ను మీద ఇంకో పన్ను ఎక్కి కూర్చున్న సంగతి ఆకాశానికంతా తెలియనక్కర్లేదు. నువ్వు "అది మీ అమ్మ పన్నురా, దాచుకోకు" అనేవాడివి. ఊరికే ఓదార్పుకి అంటున్నావనుకునేదాన్ని. మన దగ్గర ఉన్నది అమ్మ ఫోటో ఒక్కటే, స్టూడియో గోడ మీద. అందులో అమ్మ నోరు మూసుకునే ఉంది. ఎలా నమ్మను?

ఆ ఫోటో గురించే అడగాలి. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, చదువుకి బయలుదేరే ముందు వారం, స్టూడియో బీరువా సర్దుతుంటే దాని నెగటివ్ దొరికింది. కిటికీకి ఎత్తి చూశాను. ఒళ్ళో పడుకుని నేనున్నాను. అమ్మ చేతులున్నాయి. ముఖం ఉండాల్సిన చోట నల్లటి ముద్ద ఉంది. నెగటివ్‌లో నలుపంటే కాలిపోయిన తెలుపని నీ కూతురికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మరి గోడ మీది ముఖం ఎక్కడినుంచి వచ్చింది? రోజూ పొద్దున్నే బడికి పోతూ "అమ్మా, వెళ్ళొస్తా" అని నేను చెప్పింది ఎవరికి? ఆ రోజు నిన్ను అడగలేదు. నువ్వు నన్ను మోసం చేశావనుకుని, రెండు రోజుల ముందే రైలెక్కాను. అప్పటినుంచి మన మధ్య "తిన్నావా" ఒక్కటే మిగిలింది. ఎందుకో నీకు తెలియదు, నేను చెప్పలేదు. ఇవాళ కాలిపోయిన నక్షత్రాన్నే గెలిచాను కాబట్టి ధైర్యం వచ్చింది. చెప్పు నాన్నా, ఆ ముఖం అమ్మదేనా?

నీ
పిడుగు

*

పిడుగా,

కళ్ళజోడు నెత్తి మీదే ఉంది. ఆఖరి పేజీయే ముందు చదివాను. వద్దన్నావు కదా మరి!

నీ నలుసు సంగతి పాస్‌పోర్టు ఫోటోలకి వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. ఒకాయన "నవ్వొద్దని మాకు చెప్పి మీరు నవ్వుతారేంటండీ" అన్నాడు. నాలుగుసార్లు కూర్చోబెట్టాల్సి వచ్చింది ఆయన్ని. నా నవ్వు ఆగితే కదా.

ఇక అడిగినదానికి. ఆ ముఖం నేను గీసిందే.

మీ అమ్మ నాకు లైటు పట్టేది. మా పెళ్ళయిన దగ్గర్నుంచి నేను తీసిన ప్రతి ఫోటోకీ లైటు ఆమెదే. ఆమె పట్టినంతకాలం ఒక్క ముఖం కాలలేదు. కానీ లైటు వెనక ఉన్నవాళ్ళు ఫోటోలో పడరు కదా. అందుకే ఆమె ఎందులోనూ లేదు. "నా ముఖం ఎక్కడికి పోతుంది, ముందు వాళ్ళది తియ్యి" అనేది. నువ్వు పుట్టిన రెండు నెలలకి పట్టుబట్టి కూర్చోబెట్టాను. మరి లైటు ఎవరు పడతారు? నేనే స్టాండుకి బిగించాను. ముందురోజు పెద్ద హాలుకి పెట్టిన పవర్ తగ్గించడం మర్చిపోయాను. లెన్సు కూడా బార్లా తెరిచే ఉంది. మూరెడు దూరంలోంచి ఫ్లాష్ ఆమె ముఖాన కొట్టాను. చీకటి గదిలో ఎంతసేపు వెలుతురు పోసినా కాగితం మీద ముఖం రాలేదు. నువ్వు ఆమె చేతి నీడలో ఉన్నావు కాబట్టి నీకేం కాలేదు. "పోన్లే, మళ్ళీ తీద్దువుగాని, తొందరేముంది" అంది. నీకు ఏడో నెలప్పుడు ఆమె జబ్బు చేసి పోయింది.

మూడు నెలలు కుంచె వదల్లేదు నేను. చెవులు, జుట్టు, గడ్డం అంచు ప్రింటులో మిగిలాయి. వాటి మధ్య దూరాలు కొలుచుకుని కళ్ళు పెట్టాను, ముక్కు పెట్టాను. నవ్వు గీద్దామని మూడుసార్లు గీసి మూడుసార్లూ చెరిపేశాను. ఆమె నవ్వు నా చేతికి రాలేదురా. చివరికి నోరు మూసేశాను.

మోసం అన్నావు, అను. కానీ ఒక్కమాట విను. కుంచె ముట్టకముందే ఫోటో వెనక పెన్సిల్‌తో రాశాను. ముందు గుర్తు, తర్వాతే రంగు. నాకు పని నేర్పినాయన పెట్టిన నియమం అది. ఒకసారి రంగు పడ్డాక ఏది కాలిందో ఏది కాలేదో వేసినవాడికే తెలియదు. నిన్న ఫ్రేము మేకులు విప్పి చూశాను, అక్షరాలు చెక్కుచెదరలేదు. "ముఖం కాలిపోయింది. చెవులు, జుట్టు, గడ్డం అంచు నిజం. మిగతాది నా జ్ఞాపకం." నువ్వు పెద్దయ్యాక చూపిద్దామనుకున్నాను. నువ్వేమో రెండు రోజుల ముందే వెళ్ళిపోయావు. ఆ తర్వాత నాకు నోరు పెగల్లేదు. అది మాత్రం నా తప్పే.

వేళకి తిను.

నాన్న

*

నాన్నా, నాన్నా, నాన్నా,

నీ ఉత్తరం గుమ్మంలో నిలబడే చదివాను. ఏడ్చాను. పద్నాలుగేళ్ళు నిన్ను ఊరికే ఉడికించానని, ఒక్క మేకు విప్పి చూస్తే తేలిపోయేదని తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నన్ను క్షమించు. నువ్వు క్షమించేశావని తెలుసు, అయినా రాస్తున్నాను. ఆ ఏడుపు మధ్యలోనే నీ వాక్యం ఒకటి గుచ్చుకుంది చూడు, కళ్ళు తుడుచుకోకుండానే ఆఫీసుకి పరిగెత్తాను. ముందు గుర్తు, తర్వాతే రంగు!

ఎందుకంటే మా సాఫ్ట్‌వేర్ ఫోటోని మూడు మెట్లలో కడుగుతుంది. మొదట కెమెరా సొంత మసకని తీసేస్తుంది. తర్వాత అద్దాల మీది దుమ్ము నీడలు సరిచేస్తుంది. ఆ తర్వాత, నిండిపోయిన గిన్నెలకి గుర్తు పెడుతుంది. గుర్తు పెట్టే మెట్టు ఒకప్పుడు మొట్టమొదట ఉండేది. నాలుగేళ్ళ క్రితం, పని తొందరగా తెములుతుందని దాన్ని చివరికి జరిపింది ఎవరో తెలుసా? నీ కూతురే. మెచ్చుకోళ్ళు కూడా కొట్టేసింది. కానీ మొదటి రెండు మెట్లూ దాటేసరికి నిండిన గిన్నె అంకె కూడా మారిపోతుంది కదా! అరవై అయిదు వేల అయిదు వందల పైన ఉండాల్సింది అరవై నాలుగు వేల చిల్లరకి దిగుతుంది. నా ప్రోగ్రామ్ దాన్ని చూసి "ఇది నిండలేదు, మంచిదే" అని వదిలేస్తుంది. కాలిపోయినవి కొన్ని అలా పెద్దమనుషుల్లా వచ్చి నా అంచు లెక్కలో కూర్చున్నాయి. నాలుగేళ్ళుగా, నాన్నా!

గుర్తు పెట్టే మెట్టుని మళ్ళీ మొదటికి తెచ్చి, అన్నీ కొత్తగా కడిగాను. మధ్యాహ్నానికి నలుసు లేదు. పోయింది కాదు, అసలు లేనే లేదు. దాన్ని నేను గీశాను. వెనక పెన్సిల్ రాత కూడా లేకుండా గీసి, లోకమంతటికీ పంచబోయాను. నిన్ను మోసగాడన్న నోటితోనే "అయ్యో, కాదు మేడమ్" అన్నాను. శుక్రవారానికి తొమ్మిది రోజులే ఉంది. టోపీ మేడమ్ గదిలోకి వెళ్ళాను.

"మేడమ్, నలుసు లేదు."

"ఎక్కడికి పోయింది?"

"ఎక్కడికీ పోలేదు. అది నా తప్పు లెక్కలోంచి పుట్టింది. ఆ తప్పు నాలుగేళ్ళ నాటిది."

ఆవిడ టోపీ తీసి బల్ల మీద పెట్టింది. మొదటిసారి ఆవిడ తల చూశాను, జుట్టు బ్రహ్మాండంగా ఉంది, మరి ఎందుకు దాస్తుందో! అరగంట తిట్టింది. బాగా తిట్టింది, వరసతప్పకుండా. ఆపైన నీళ్ళు తాగి, "పంపకముందే చెప్పావు, బతికించావు. ఇంతకీ దొరగారు కాలకుండా తీసిన ఫోటో ఒక్కటైనా లేదా మన దగ్గర?" అంది.

ఉంది! ఒకటి కాదు, వేలు! ఫోకస్ సరిచూసుకోవడానికి ప్రతి ఫోటోకి ముందూ ఒక్క సెకను ముక్క తీస్తారు. అంత తక్కువ వెలుతురులో ఏమీ కనపడదని "చెత్త" అనే ఫోల్డర్‌లో పారేస్తాం. కానీ ఒక్క సెకనులో దొరగారు కూడా నిండరు! ఒక్కో ముక్కా ఖాళీగానే ఉంటుంది, నిజమే. అన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే? లెక్కపెట్టాను, మూడు వేల నూట ఆరు ఉన్నాయి. ఇది రాస్తుంటే కంప్యూటర్ వాటిని పేరుస్తోంది, ఫ్యాన్ రొద గదంతా నిండింది, నాకు కూర్చోబుద్ధి కావడం లేదు.

అందుకే అడుగుతున్నాను, గట్టిగా గుర్తు తెచ్చుకో. ఆ రోజు ఒక్కటే కొట్టావా? నువ్వు ఎవరికైనా రెండు కొట్టేవాడివి కదా, "రెప్ప వేస్తే రెండోది ఉంటుంది" అనేవాడివి. రెండోది ఏదీ?

నీ
పిడుగు

*

పిడుగా,

రెండోది కొట్టాను. అప్పుడు ఫ్లాష్ వెలగలేదు. మొదటి దెబ్బకే ఉన్నదంతా కక్కేసింది, మళ్ళీ ఛార్జ్ ఎక్కేదాకా నేను ఆగలేదు. నాకూ తొందరే అప్పట్లో. ఆ నెగటివ్ గాజు ముక్కలా ఖాళీ. కిటికీలోంచి ఎంత వెలుతురు వచ్చిందో అంతే పడింది అందులో. నలుపు తెలుపు బాగా విడదీసే గట్టి కాగితం మీద వేసి చూశాను, బూడిద రంగు తప్ప ఏమీ రాలేదు. పారేయడానికి చేతులు రాక టెస్టు ముక్కల డబ్బాలో పడేశాను.

మూడు రోజులు వెతికాను. స్టూడియో అంతా పీకి పందిరేశాను. వచ్చినవాళ్ళని రేపు రండి, రేపు రండి అని పంపేశాను. పక్క కొట్టాయన నేను దుకాణం ఎత్తేస్తున్నాననుకున్నాడు. దొరికింది. ఈ కవర్లోనే రెండు అట్టల మధ్య ఉంది. అంచులు పట్టుకో, వేలిముద్రలు పడనీకు.

ముప్పై మూడేళ్ళుగా అందులో ఏమీ లేదనే అనుకుంటున్నాను. ఇప్పుడు నువ్వొచ్చి ఆశ పెట్టావు. చూశాక ఏమీ లేకపోతే నాకు ఉత్తరం రాయకు. ఫోను చేసి "తిన్నావా" అను. నాకు అర్థమవుతుంది.

నాన్న

*

నాన్నా,

తిన్నావా అని అడగడం లేదు!

ముందు చిన్న సంగతి చెప్పేస్తాను, లేకపోతే పెద్దదాంట్లో కొట్టుకుపోతుంది. నలుసు ఉంది. నేను గీసిన చోట కాదు, దొరగారికి ఎడమ పక్కన, ఇంకాస్త దూరంగా, ఇంకా చిన్నగా ఉంది. నమ్మలేదు నేను, ఈసారి అంత తేలిగ్గా నమ్ముతానా! మధ్యలో ఒక ఏడాది కెమెరాని పక్కకి తిప్పి బిగించారు. నా పాత నలుసుని ఆ ఏడాది ఫోటోల్లో వెతికితే అది కూడా కెమెరాతో పాటే తిరిగి కూర్చుంది, అబద్ధమని అక్కడే తేలిపోయింది. ఇది తిరగలేదు. కెమెరాని ఎలా తిప్పినా ఆకాశంలో తన చోట తను నిలబడే ఉంది. శుక్రవారం ఉత్తరం వెళ్ళింది. మొదటి పేరాలో నలుసు, రెండో పేరాలో నా నాలుగేళ్ళ తప్పు, అది ఎలా దిద్దుకోవాలో. తప్పు కూడా రాద్దామంటే టోపీ మేడమ్ "రాయి, మిగతావాళ్ళు కూడా లేచి తమ మెట్లు చూసుకుంటారు" అంది. అప్పుడే మూడు చోట్లనుంచి జవాబులొచ్చాయి, అమ్మో మాదీ అంతే అని!

ఇక అసలు సంగతి. నీ కవరు శనివారం పొద్దున వచ్చింది. కిటికీకి ఎత్తి చూస్తే నువ్వన్నట్టు గాజు ముక్కే. ఫోను చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టేశాను. ఆఫీసుకి పట్టుకెళ్ళి అడిగితే, అద్దాలు పరీక్షించే గదిలో, మసక తక్కువ ఉండేలా చల్లబరిచిన కెమెరా వాడుకోమంది మేడమ్. నెగటివ్ కింద సమంగా వెలిగే పలక పెట్టి, ఆ ఒక్కదాన్నే నాలుగు వందల సార్లు ఫోటో తీశాను. అన్నీ పేర్చాను. ముందు గుర్తులు పెట్టాను నాన్నా, కాలిన చోటు లెక్కతో నింపే ప్రోగ్రామ్‌ని దగ్గరికి కూడా రానివ్వలేదు. బూడిదలోంచి మొదట కిటికీ చట్రం వచ్చింది. తర్వాత నీ స్టాండు కాలు. తర్వాత పొత్తిళ్ళలో ఒక ముద్ద, అది నేనే, అప్పుడు కూడా నిద్రే. తర్వాత అమ్మ భుజం. నేను ఇంకాస్త వెలుతురు పెంచాను, తొందరలో ఎక్కువ పెరిగి అంతా తెల్లబడింది, మళ్ళీ తగ్గించాను.

అమ్మ నవ్వుతోంది, నాన్నా. కెమెరా వైపు కాదు, దానికి కాస్త పక్కగా, నువ్వు నిలబడ్డచోటుకి చూస్తూ, నోరంతా తెరిచి నవ్వుతోంది. ఫ్లాష్ వెలగకపోయేసరికి నువ్వు ఏం ముఖం పెట్టావో ఏమో! ముందు పన్ను మీద ఇంకో పన్ను ఎక్కి కూర్చుంది. నా పన్ను! నేను గట్టిగా అరిచాను, పక్క గదివాళ్ళు పరిగెత్తుకొచ్చారు, వాళ్ళందరి ముందూ నోరు తెరుచుకుని నవ్వుతూ ఏడ్చాను. టోపీ మేడమ్ తెర వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "వేరే సాక్ష్యం అక్కర్లేదు" అంది. ప్రకటనకి ఇచ్చిన నా ఫోటో కూడా మార్చేశాను, పన్ను కనిపించేదే పెట్టించాను.

ఇంకోటి చేశాను, కోప్పడకు. నా ఫోనులో స్టూడియో గోడది ఒక బొమ్మ ఉంది, అందులో నీ ఫోటో స్పష్టంగా పడింది. నువ్వు గీసిన ముఖాన్ని దీనికి సరిపడేలా కొలిచి పైన పెట్టాను. కళ్ళు కళ్ళ మీద పడ్డాయి. ముక్కు ముక్కు మీద పడింది. వెంట్రుక వాసి తేడా లేదు. నోరు ఒక్కటే వేరు, అదీ నీ తప్పు కాదు, మొదటి దెబ్బకి కదలొద్దని నువ్వే చెప్పి ఉంటావు. చిన్నప్పుడు రోజూ "అమ్మా, వెళ్ళొస్తా" అని నేను చెప్పింది మా అమ్మకే, నాన్నా. నువ్వు గీసిన ఫోటోని గోడ మీదనుంచి దించకు.

సెలవు బుధవారం నుంచి ఇచ్చారు. మేడమ్‌ని అడిగి నేను రెండు రోజుల ముందే రైలెక్కుతున్నాను. పెద్ద ప్రింటు వేయించాను, అట్టల మధ్య పెట్టుకుని ఒళ్ళోనే తెస్తాను. ఫ్రేము నువ్వే కట్టాలి. మేకులు కొట్టేముందు వెనక్కి తిప్పి చూడు, పెన్సిల్‌తో రాశాను. "ఎడమ చెవి దగ్గర చీకటి, అక్కడ ఏమీ నింపలేదు. మిగతాదంతా అమ్మే."

నీ
పిడుగు